అమ్మ నన్ను గుర్తుపట్టలేదు, నాకేమీ అనిపించలేదు

గోదారి_సుధ
మా అమ్మకి డెబ్బై ఆరేళ్లు. అల్జీమర్స్ అని తేలి నాలుగేళ్లు దాటింది. రాజమండ్రిలో నా దగ్గరే ఉంటుంది. మొన్న పొద్దున జడ వేస్తుంటే "ఎవరమ్మా నువ్వు? మా సుధ వచ్చిందా?" అని అడిగింది. పోయినేడు మొదటిసారి ఈ మాట అన్నప్పుడు వంటింట్లోకి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను. మొన్న మాత్రం ఏమీ అనిపించలేదు. "వస్తుందిలే" అని చెప్పి, జడకి రబ్బరు బ్యాండు పెట్టేసి, ఇడ్లీ తేవడానికి లేచాను. అదే నన్ను భయపెడుతోంది. కన్నతల్లి గుర్తుపట్టకపోతే ఏమీ అనిపించనంత బండబారిపోయానా?

అందరూ చెప్పేది ఒకటే: నీ ఆరోగ్యం చూసుకో, యోగా చెయ్యి, కాస్త బయటికి వెళ్లి రా. నేను బయటికి వెళ్లిన గంటలో అమ్మ గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్తే ఎవరు చూస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. మా పెద్దమ్మ కూతురైతే "తల్లికి సేవ చేసే అదృష్టం ఎందరికి దొరుకుతుందే" అంటుంది. నిజమే కావచ్చు. కానీ ఆ మాట విన్నాక ఇక "అలసిపోయాను" అని నోరు విప్పడానికి ఉండదు.

అన్నయ్యలు ఇద్దరు. ఒకరు బెంగళూరు, ఒకరు డల్లాస్. ఆదివారం వీడియో కాల్ చేస్తారు. "అమ్మ బాగానే ఉందిగా" అంటారు. ఆ పది నిమిషాలు అమ్మ నిజంగానే బాగుంటుంది!

ఇలా ఇంట్లో పెద్దవాళ్లని చూసుకుంటున్నవాళ్లు మీలో ఉంటే చెప్పండి, ఎలా నిలబడ్డారు? యోగా తప్ప ఏదైనా సరే.

చిట్టిగారె
బండబారినవాళ్లు ఇంత రాయరు అక్కా. ముందు ఏమైనా తిన్నారా?

వరంగల్_పిల్ల
బాపుకి పక్షవాతం వచ్చినప్పటి నుంచి నేనే చూస్తున్న. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట కూడా సగమే. మీరన్న "అదృష్టం" మాట నాకూ తగులుతుంది. చుట్టాలు వస్తరు, చాయ్ తాగుతరు, "నువ్వు దేవతవు బిడ్డా" అని పోతరు. దేవతకు నిద్ర అక్కర లేదు కదా, అందుకే ఆ బిరుదు ఇస్తరేమో అనిపిస్తది. నాకు పొగడ్త వద్దు. ఒక్క రాత్రి బాపు పక్కన పడుకునే మనిషి కావాలె.

నైట్‌డ్యూటీ
స్టాఫ్ నర్సుని. వయసు మీరినవాళ్ల వార్డులో చాలా ఏళ్లు చేశాను. సుధగారూ, రెండు విషయాలు చెబుతాను.

మొదటిది వీడియో కాల్ గురించి. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, ఉన్నవాళ్లు కొత్తవాళ్ల ముందు, ఫోన్లలో కాసేపు చక్కగా మాట్లాడటం మాకు రోజూ కనిపించేదే. "బాగున్నావా నాన్నా, తిన్నావా" లాంటి మాటలు జీవితమంతా అలవాటైనవి కాబట్టి చివరిదాకా నిలుస్తాయి. డాక్టరు గదిలో కూడా అంతే, అక్కడ నవ్వుతూ జవాబులు చెప్పి ఇంటికొచ్చాక బాత్రూమ్ ఎక్కడో మర్చిపోతారు. మీ అన్నయ్యలు అబద్ధమాడటం లేదు. వాళ్లకి కనిపించేది అంతే. కాబట్టి ఆదివారం ఉదయం కాకుండా మామూలు రోజు సాయంత్రం ఆరు, ఏడు మధ్య కాల్ చేయమనండి. పది నిమిషాలు కాదు, గంటసేపు ఫోన్ అలా పెట్టి ఉంచండి.

రెండోది మీ భయం గురించి. మనిషి పోతే కర్మకాండ ఉంటుంది, పదిమంది వస్తారు, ఏడుస్తారు, దినం చేస్తారు. మీ అమ్మగారు ఎదురుగానే ఉన్నారు కానీ మీకు తెలిసిన అమ్మ రోజూ కొంచెం కొంచెం వెళ్లిపోతోంది. దానికి ఎవరూ పరామర్శకు రారు. అమెరికాలో పౌలీన్ బాస్ అనే ఆవిడ 1970లలో, యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల ఇళ్లవాళ్ల మీద పనిచేస్తూ ఈ రకం దుఃఖాన్ని గమనించారు. తర్వాత అల్జీమర్స్ కుటుంబాల్లో దాన్నే చూశారు. ఉన్నారో లేరో తేలని మనిషి కోసం పడే దుఃఖానికి ముగింపు దొరకదు, అందుకే అది మనిషిని స్తంభింపజేస్తుంది అంటారామె. మొన్న ఏమీ అనిపించకపోవడం ప్రేమ లేక కాదండీ. నాలుగేళ్లుగా ఆగకుండా ఏడ్చిన మనసు కాసేపు ఆగింది, అంతే.

అయితే నిద్ర పట్టకపోవడం, తిండి మీద ధ్యాస పోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఓర్చుకోవద్దు, చూపించుకోవాలి.

ధర్మసూక్ష్మం
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. మనకి ఊహ తెలియని రోజుల్లో మన మలమూత్రాలు ఎత్తిన తల్లి ఏనాడైనా "నాకు బ్రేక్ కావాలి" అన్నదా? ఇప్పుడు ప్రతిదానికీ బర్నౌట్ అనే మాట తగిలిస్తున్నారు. మా నాయనమ్మ తన అత్తగారిని పదేళ్లు మంచంలో చూసింది. ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

వరంగల్_పిల్ల
@ధర్మసూక్ష్మం మీ నాయనమ్మ చెప్పుకోలేదు అంటే బాధ లేదని కాదు కద. అడిగినోళ్లు లేరు.

కాఫీ_తర్వాత
+1. ఇంకో మాట కూడా. ఆ రోజుల్లో ఇంట్లో తోటికోడళ్లు, ఆడపడుచులు, పక్కింటి పిన్ని, పాలేరు భార్య కలిపి ఒక ముసలామెకి ఆరు జతల చేతులుండేవి. ఇప్పుడు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒక్క మనిషి. పైగా చంటిపిల్ల ఒక్కో నెలా పెరుగుతుంది, బోర్లా పడుతుంది, నడుస్తుంది. ఈ జబ్బులో ప్రయాణం అటు వైపు. అలసట ఒకటే ఎలా అవుతుంది?

ధర్మసూక్ష్మం
చేతుల లెక్క ఒప్పుకుంటాను. మా నాయనమ్మకి ఇద్దరు తోటికోడళ్లు ఉండేవారు. కానీ "నా గురించి నేను ఆలోచించుకోవాలి" అనే ధోరణి మితిమీరితే పెద్దవాళ్లు రోడ్డున పడతారని నా భయం. ఆ భయం అబద్ధం కాదు.

రిటైర్డ్_మాస్టారు
అమ్మా సుధా, నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను, భీమవరం దగ్గర పల్లెటూరు. మా ఆవిడకి పార్కిన్సన్స్, దాని వెంట మతిమరుపు. పిల్లలు దూరం. వంట దగ్గర్నుంచి చీర కట్టడం దాకా నేనే.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మా ఆవిడ "ఇంటికి వెళదాం పదండి" అని మొదలుపెట్టేది. ఇదే మన ఇల్లు అని నేను చెప్పడం, కాదని ఆవిడ ఏడవడం, రోజూ యుద్ధం. న్యూరాలజిస్టు దగ్గర అడిగితే, ఈ జబ్బులో పొద్దువాలే వేళకి కంగారు పెరుగుతుంది, వాదించకండి, చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేయండి, మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోనివ్వకండి అన్నారు. అప్పటి నుంచి "సరే పద" అని చెప్పులు తొడిగి, ఆంజనేయస్వామి గుడి దాకా నడిపించి వెనక్కి తీసుకొస్తాను. గుమ్మంలోకి రాగానే "వచ్చేశాం" అంటాను. "అమ్మయ్య" అంటుంది. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఒక్కోసారి సరిపోదు. సరిపోని రోజు కూడా నా తప్పేం లేదని గ్రహించడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఇక నా సంగతి. వారంలో మూడు రోజులు కూర వండటం మానేశాను. కర్రీ పాయింట్ నుంచి తెస్తాను, అన్నం, చారు మాత్రం పెడతాను. ఇల్లు రోజూ తుడవను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రాడు మెడికల్ షాపు నడుపుతున్నాడు, గురువారం సాయంత్రం షాపు తమ్ముడికి అప్పగించి మా ఇంట్లో కూర్చుంటాడు. నేను లైబ్రరీకి వెళ్లి పేపర్లు చదువుకుంటాను. ఆ కుర్రాడు తనంతట తాను రాలేదు. నోరు తెరిచి అడిగాను. "మాస్టారూ, ఏమైనా సాయం కావాలంటే చెప్పండి" అని ఊరంతా అన్నారు, ఒకరోజు నిజంగానే చెప్పాను. అడిగితే కాదన్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

చిట్టిగారె
మాస్టారూ 🙏 గుడి దాకా నడక ఐడియా మా ఇంట్లో వాడేస్తాను. మా అమ్మమ్మ టీవీలో సీరియల్ వాళ్లు మన ఇంటికే వచ్చారనుకుని "అంతమంది వచ్చారు, కాఫీలు పెట్టవేం" అని మా అమ్మని తిడుతుంది. విలన్ అత్తగారికి మాత్రం ఇవ్వొద్దంటుంది. మతి పోయినా న్యాయం పోలేదు.

గోదారి_సుధ
@చిట్టిగారె చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. మాస్టారూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను.

డల్లాస్_బాబు
నేను మీ అన్నయ్యని కాదు కానీ, అలాంటి అన్నయ్యనే. మా నాన్నగారిని విజయవాడలో చెల్లి చూస్తోంది. ఇక్కడివాళ్ల సంగతి కూడా వినండి. ఫోన్ చేసి "ఏం కావాలి" అంటే "ఏం వద్దులే, మేం చూసుకుంటున్నాం" అంటారు. మర్నాడు వేరే చుట్టాల నుంచి తెలుస్తుంది చెల్లి ఏడ్చిందని. చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?

వరంగల్_పిల్ల
అన్నా, రాత్రి మూడుసార్లు పక్క బట్టలు మార్చి, పొద్దున ఆఫీసుకు పోయేటోళ్లకు "నాకు ఫలానాది కావాలె" అని పద్ధతిగా అప్లికేషన్ రాసే ఓపిక ఉండదు. "ఏం కావాలి" అనే ప్రశ్న కూడా ఇంకో పనే.

డల్లాస్_బాబు
ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో చివరికి పనిచేసింది కూడా అడగడం మానేసి తీసుకోవడమే. డైపర్లు, మందులు నెలనెలా ఆన్‌లైన్‌లో నేనే బుక్ చేస్తాను, చెల్లికి ఆ ఆలోచనే లేకుండా. ఇన్సూరెన్స్, కరెంటు బిల్లు, బ్యాంకు పనులు నావి. రాత్రి అటెండెంట్ జీతం నాది. ఏజెన్సీ వాళ్లు మనిషిని పంపకపోతే వాళ్లతో గొడవపడేది కూడా నేనే, ఇక్కడ నాకది పగలు కదా. ఏడాదికోసారి వచ్చినప్పుడు చెల్లి కుటుంబం ఊరెళ్తుంది, నాన్న దగ్గర నేనొక్కడినే ఉంటాను. మొదటిసారి అలా ఉన్నాకే తెలిసింది అసలు పని ఏమిటో.

కాఫీ_తర్వాత
ఇది ప్రతి ఎన్నారై వాట్సాప్ గ్రూపులో పడాలి.

సైకాలజీ చదువుతున్నాను కాబట్టి సుధగారు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను. టెక్సస్ యూనివర్సిటీలో క్రిస్టిన్ నెఫ్ అనే ఆవిడ 2003 నుంచి స్వీయ కరుణ మీద పరిశోధనలు వెలువరిస్తున్నారు. ఆవిడ చెప్పేదాంట్లో మూడు భాగాలు. బాధ ఉందని దాచకుండా, పెంచకుండా గమనించడం. ఇది నా ఒక్కదానికే వచ్చింది కాదు, మనుషులకి వచ్చేదే అని గుర్తుచేసుకోవడం. స్నేహితురాలితో మాట్లాడే మెత్తదనంతోనే మనతో మనం మాట్లాడుకోవడం. రెండోది చిన్న విషయం అనుకోకండి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన సర్వే అంచనా. అంటే ఈ రాత్రి కొన్ని లక్షల ఇళ్లలో మీలాంటి ఒకరు మేలుకుని ఉంటారు.

వరంగల్_పిల్ల
మంచి మాటలే కానీ నాకు పనిచేయవు చెల్లీ. అద్దం ముందు నిలబడి నాతో నేను మెత్తగా మాట్లాడుకుంటే బాపు పక్క మారదు. నాకు కరుణ అంటే ఆరు గంటల నిద్ర. అది ఇస్తే మిగతాది నా మనసు తనే చూసుకుంటది.

నైట్‌డ్యూటీ
ఇద్దరి మాటా అవసరమే అనిపిస్తుంది నాకు. నిద్ర ముందు. అందులో నాకు అనుమానం లేదు. కానీ అటెండెంట్‌ని పెట్టాక కూడా నిద్రపోలేని కూతుళ్లని ఎందరినో చూశాను. తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. డబ్బిచ్చి మనిషిని పెట్టినా "నేను పడుకుంటే ఎలా" అనే మాట లోపలి నుంచి లేపుతుంది. ఆ మాటకి జవాబు చెప్పడం నేర్చుకోకపోతే దొరికిన ఆరు గంటలు కూడా వాడుకోలేరు.

గోదారి_సుధ
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఒక్కోసారి రాత్రిళ్లు అమ్మ ఊపిరి వింటూ, ఇది త్వరగా అయిపోతే బాగుండు అనిపిస్తుంది. అమ్మకి బాధ తప్పాలని మాత్రమే కాదు. నాకు కూడా. మర్నాడు అమ్మ ముఖం చూడలేను.

సత్య_వైజాగ్
నేను ఇంతవరకు చదువుతూనే ఉన్నాను, ఏమీ రాయలేదు. మా అమ్మ కిందటి శ్రావణంలో పోయింది. చివరి ఏడాది మంచంలోనే. ఆవిడ పోయిన రాత్రి నాకు మొట్టమొదట కలిగింది తేలికదనం. ఏడుపు తర్వాత వచ్చింది, చాలా వచ్చింది, ఇంకా వస్తోంది. ఆ తేలికదనం గురించి నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. చివరికి మా పెద్ద మేనత్తకి చెబితే, ఆవిడ నా తల నిమిరి "మీ తాత పోయినప్పుడు నాకూ అంతేనే" అంది. మీరు కోరుకుంటున్నది అమ్మ చావు కాదు సుధగారూ. ఈ పరిస్థితి ఆగాలని. అమ్మని వదిలించుకోవాలనుకునేవాళ్లు రాత్రిళ్లు అమ్మ ఊపిరి వినరు.

నైట్‌డ్యూటీ
జారిట్ అని ఒక ప్రశ్నావళి ఉంది, 1980లో తయారైంది. సంరక్షకుల భారం కొలవడానికి డాక్టర్లు వాడతారు. ఇప్పుడు వాడుకలో ఉన్నదాంట్లో 22 ప్రశ్నలు. ఆవిడ దగ్గరున్నప్పుడు మీకు కోపం వస్తుందా, ఆవిడ ప్రవర్తనకి సిగ్గుగా ఉంటుందా, ఈ బాధ్యత ఇంకెవరికైనా అప్పగించేస్తే బాగుండు అనిపిస్తుందా, ఇలాంటివే. సిగ్గుపడి దాచుకునేవన్నీ అందులో మామూలు ప్రశ్నలుగా అచ్చయి ఉన్నాయి. మీ ఆలోచన ఏ డాక్టరుకీ కొత్త కాదు.

ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆలోచన "నేనే పోతే బాగుండు" వైపు తిరిగితే ఆ నిమిషమే చేయండి. ఇది సుధగారికి మాత్రమే కాదు, చదువుతున్న అందరికీ.

రిటైర్డ్_మాస్టారు
సుధా, నాకూ వచ్చిందమ్మా ఆ ఆలోచన. ఇద్దరం ఒకేసారి పోతే బాగుండు అని. మన ఊళ్లో కౌన్సెలింగ్ ఏమిటి అనుకున్నాను గానీ, ఆ నంబరుకి నేను ఫోన్ చేశాను. ఓపిగ్గా విన్నారు.

ధర్మసూక్ష్మం
సుధగారూ, మొదట రాసిన మాటలు మీకోసం కాదు, కానీ మీకే తగిలి ఉంటాయి. నేనూ రాజమండ్రిలోనే ఉంటాను. మా ఆవిడ టీచరు, సెలవుల్లో ఇంట్లోనే ఉంటుంది. మీకు అభ్యంతరం లేకపోతే ఏదో ఒక శనివారం మేమిద్దరం వచ్చి అమ్మగారి దగ్గర కూర్చుంటాం. పర్సనల్ మెసేజ్ పెట్టాను.

అడ్మిన్
అడ్రసులు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, మెసేజ్‌లోనే మాట్లాడుకోండి. ముందు ఒకసారి బయట కలిసి, పరిచయమయ్యాకే ఇంటికి పిలవండి. నిద్రమాత్రల పేర్లు, మోతాదులు అడిగిన పోస్టు తీసేశాం.

నైట్‌డ్యూటీ
మంచి పని చేశారు. మాత్రల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మెల్లగా నడుస్తున్న మతిమరుపు ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పెరిగి, లేనివి కనిపిస్తున్నాయని అరుస్తుంటే, జబ్బు ముదిరిందని ఇంట్లో కూర్చోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, విరేచనం బిగిసిపోవడం, ఏవైనా కావచ్చు. పెద్దవాళ్లకి జ్వరం కూడా రాకపోవచ్చు. వెంటనే చూపించండి. వాటికి మందు ఉంది.

వరంగల్_పిల్ల
బాపుకి నడుము కింద ఎర్రగా అవుతోంది. ఎయిర్ బెడ్ వేసిన. ఇంకేం చెయ్యాలె?

నైట్‌డ్యూటీ
ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చడం మానకూడదు. సాధారణంగా రెండు గంటలకోసారి, బెడ్‌ని బట్టి ఎంత ఎడం ఇవ్వొచ్చో డాక్టర్ని అడగండి. ఎర్రబడిన చోట రుద్దవద్దు. చర్మం చిట్లితే ఆలస్యం చేయొద్దు. తెలంగాణలో జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (పెద్ద జబ్బుల్లో బాధ తగ్గించి ఊరటనిచ్చే వైద్యం) కేంద్రాలు ఉన్నాయి, ఇంటికి వచ్చి చూసే బృందాలూ ఉంటాయి. క్యాన్సర్ వాళ్లకే అనుకుంటారు చాలామంది. పెద్దాసుపత్రిలో అడగండి, పుండు కట్టు కట్టడం మీకు కూడా నేర్పిస్తారు.

చిట్టిగారె
ఆంధ్రాలో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకి 2024 జూలై నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తున్నారు. మా వీధిలో ఒకాయనకి వస్తోంది. అర్హత ఉన్నవాళ్లు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో కనుక్కోండి. రాత్రి మనిషి జీతంలో కొంతైనా దాంతో గడుస్తుంది.

గోదారి_సుధ
పోయిన మంగళవారం సాయంత్రం ఆరున్నరకి బెంగళూరు అన్నయ్యకి వీడియో కాల్ చేసి ఫోన్ అలమారలో నిలబెట్టాను, నైట్‌డ్యూటీగారు చెప్పినట్టే. అమ్మ "మా నాన్న వస్తాడు, తలుపు తీయండి" అని గడియ లాగడం, నన్ను దొంగ అనడం, అన్నం పళ్లెం తోసేయడం, అంతా చూశాడు. చివర్లో ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఫోన్ చేసి, నెలకో శుక్రవారం రాత్రి బయల్దేరి వస్తాను, ఆదివారం దాకా నేనే చూస్తాను, నువ్వు ఇంట్లో ఉండొద్దు అన్నాడు. పెద్దన్నయ్య ఇంకా "మంచి హోమ్ ఏదైనా చూద్దామా" దగ్గరే ఉన్నాడు. ఆ గొడవ వేరు, మళ్లీ రాస్తాను. ధర్మసూక్ష్మంగారి భార్యతో గుళ్లో కలిసి మాట్లాడాను, మంచి మనిషి.

అన్నయ్య ఈ శుక్రవారమే వస్తున్నాడు. ఏం రాసి పెట్టాలి? నాకు అన్నీ చేతికి అలవాటైపోయాయి, రాద్దామంటే ఏదీ గుర్తు రావడం లేదు.

నైట్‌డ్యూటీ
మేం షిఫ్టు మారేటప్పుడు రాసుకునేదే మీరూ రాయండి. మందులు ఏ వేళకి ఏవి, తిన్నాకా తినకముందా. మింగేటప్పుడు పొలమారుతుందా, అయితే అన్నం ఎంత మెత్తగా కలపాలి. బాత్రూమ్‌కి ఎప్పుడెప్పుడు తీసుకెళ్లాలి. ఏ మాటంటే కోపం వస్తుంది, ఏ పాట పెడితే తగ్గుతుంది. గ్యాస్ సిలిండర్ కట్టేయాలి, బయటి తలుపు తాళం ఎక్కడ. డాక్టరు నంబరు. అమ్మ పేరు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ జాకెట్‌కి లోపల పిన్ను పెట్టండి, ఒకవేళ గేటు దాటితే. స్నానం మొదటిసారి మీ ఎదుటే చేయించమనండి. కొడుకు స్నానం చేయిస్తానంటే అమ్మ ఒప్పుకోకపోవచ్చు, ఆ రెండు రోజులకి ఆయాని మాట్లాడుకోండి, లేదా తడిబట్టతో తుడిచినా నష్టం లేదు.

డల్లాస్_బాబు
మీ అన్నయ్య మీలా చేయడు. జడ వంకరగా వేస్తాడు, ఇడ్లీ బదులు బ్రెడ్ పెడతాడు. సరిచేయకండి. మా చెల్లి మొదటిసారి ఊరెళ్లి గంటకోసారి ఫోన్ చేసింది, నాకు పని రాలేదు, తనకి విశ్రాంతీ దొరకలేదు.

రిటైర్డ్_మాస్టారు
ఎక్కడికి వెళ్తున్నావమ్మా?

గోదారి_సుధ
ఇంకా తెలియదు మాస్టారూ. మా ఆయన అన్నవరం అంటున్నారు. నాకైతే స్నేహితురాలి ఇంట్లో ఫ్యాన్ కింద పడుకోవాలని ఉంది.

వరంగల్_పిల్ల
పడుకోండి అక్కా. సత్యనారాయణస్వామి ఎక్కడికీ పోడు.